దీపం తిరిగొచ్చిందా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పోయిన నెలలో ఒక సాయంత్రం మా పక్కింటి పిల్లవాడు రెండు నిమ్మకాయలూ, ఒక ఇనుప మేకూ, రాగి తీగముక్కా పట్టుకుని మా వంటింట్లోకి వచ్చాడు. ఏడో తరగతి చదువుతున్నాడు. "అత్తమ్మా, బడిల సైన్సు ప్రదర్శన ఉంది. నిమ్మకాయతోని బల్బు వెలిగియ్యాలె. ఎంత చేసినా వెలుగుతలేదు" అని ఏడుపు మొహం పెట్టాడు. వాడి వెనకాలే వాళ్ళమ్మ. "వదినా, నువ్వు రేడియోల మాట్లాడ్తవు గదా, నీకెర్కలేదా?" అంది.

రేడియోలో మాట్లాడేవాళ్ళకు అన్నీ తెలుసని లోకం అనుకుంటుంది. నేను చదివింది పదో తరగతి. అయినా చిత్రం చూడండి, ఈ ఒక్క సంగతి మాత్రం నాకు బాగా తెలుసు. మొదట నేర్చుకున్నది పుస్తకంలో కాదు, మా మేనమామ దగ్గర. ఆయన బెల్లంపల్లి వైపు ఒక బొగ్గుబాయి మీద ల్యాంపు రూములో పనిచేసేవాడు. నిమ్మకాయ సంగతి చెప్పాలంటే ముందు ఆ ల్యాంపు రూము సంగతి చెప్పాలి.

మా వైపు బొగ్గుగనిని గని అనరు, బాయి అంటారు. "బాయి దిగిండు", "బాయి మీదికెళ్ళి వచ్చిండు", ఇదీ మాట. గోదావరికి ఒక పక్క మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి. ఇంకో పక్క గోదావరిఖని. నా చిన్నప్పుడు మాది ఆదిలాబాదు జిల్లా, నది దాటితే కరీంనగర్ జిల్లా. 2016లో జిల్లాలను విడదీశాక మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలయ్యాయి. పేర్లు మారినా నది రెండు పక్కలా ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఎదురుచూపు మాత్రం ఒక్క తీరే.

బాయి దిగే మనిషి నెత్తిన గట్టిటోపీ, టోపీ ముందు దీపం, నడుముకు బెల్టు, బెల్టుకు బరువైన బ్యాటరీ, వీపు మీదుగా దీపం దాకా నల్లటి వైరు. లోపలి చీకటి మనమెరిగిన చీకటి కాదు. అమావాస్య రాత్రి అయినా ఆకాశంలో చుక్కలుంటాయి. బాయి లోపల దీపం ఆర్పితే కళ్ళు తెరిచినా మూసినా ఒకటేనని మా బాపు చెప్పేవాడు. అందుకే అక్కడ తట్టా చెమ్మాసుల కన్నా ముందు దీపం. దిగేముందు తన నంబరు బిళ్ళ ఇచ్చి తన నంబరు దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం అప్పగించి బిళ్ళ తీసుకోవాలి. దీపాలన్నీ గోడ పొడుగునా అరల్లో నంబరు ప్రకారం చార్జింగులో ఉంటాయి. ఏ అర ఖాళీగా ఉందో ఆ నంబరు మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడన్నమాట.

నాకు పదకొండేళ్ళున్నప్పుడు ఒకనాడు బాపు మొదటి షిప్టుకు పోయి చీకటి పడినా రాలేదు. అప్పుడు మా ఇళ్ళల్లో ఫోన్లు ఎక్కడివి? అమ్మ రెండు మూడుసార్లు వాకిట్లోకి వచ్చి చూసింది. పొయ్యి మీది అన్నం దించి, మా అన్ననూ నన్నూ పిలిచి, "పోయి మామను అడిగి రాండ్రి బిడ్డా, బాపు దీపం తిరిగొచ్చిందా అని" అంది. బాపు వచ్చాడా అని అడగమనలేదు. దీపం వచ్చిందా అని అడగమంది. ఆ మాటలోని భయం నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు ఒక ఇల్లాలిగా తెలుస్తోంది.

మామ మమ్మల్ని చూడగానే అరల వైపు చూశాడు. బాపు నంబరు అర ఖాళీగా ఉంది. "ఇంక రాలే కోడలా, కూసో" అని బల్ల చూపించాడు. నా మొహం చూసి నన్ను మాటల్లో పెట్టాలనుకున్నాడు కాబోలు, అరిగిపోయిన టార్చిలైటు సెల్లు ఒకటి తీసి పట్టుకారుతో ఒలిచి చూపించాడు. పైన జింకు డబ్బా. లోపల నల్లటి ముద్ద. నట్టనడుమ ఒక బొగ్గు కడ్డీ. జింకు డబ్బా అక్కడక్కడా పురుగు తిన్న ఆకులాగా చిల్లులు పడి ఉంది.

"చూసినవా, ఈ జింకు కరిగిపోయింది. ఊకెనే కరగలే. కరిగినంతసేపు వెలుగిచ్చింది. ఒకటి అరుగుతది, ఇంకోటి అందుకుంటది. అరిగినంతసేపే దీపం" అన్నాడు మామ.

ఎనిమిది దాటాక బాపు వచ్చాడు. తర్వాతి షిప్టు మనిషి రాకపోతే ఇంకొంతసేపు ఆగిపోయాడట, అంతే. ఒళ్ళంతా బొగ్గు, కళ్ళు మాత్రం తెల్లగా. నెత్తిమీది దీపం పొద్దున పాలలాగా ఉండేది, తేనెరంగుకు తిరిగింది. ఆ దీపం అరలోకి చేరిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ రాత్రి అన్నం తింటూ, "ఈ దీపం ఎవరు కనిపెట్టారు?" అని అడిగితే బాపు "ఎవరో దొర" అన్నాడు. ఆ దొర ఎవరో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. పెళ్ళయి, పిల్లలు బడికి పోతున్నప్పుడు, వాళ్ళ పుస్తకాలు తిరగేస్తూ, గ్రంథాలయం నుంచి తెచ్చుకుని చదువుతూ తెలుసుకున్నాను. తీరా చూస్తే ఒక దొర కాదు, అరడజను మంది. వాళ్ళలో ఒక ఇల్లాలు కూడా ఉంది!

ఇటలీ దేశంలో బొలోనా అనే ఊళ్ళో గాల్వానీ అనే వైద్యాచార్యుడు ఉండేవాడు. ఆయన భార్య పేరు లూసియా. ఆమె తండ్రి కూడా శాస్త్రజ్ఞుడే. గాల్వానీకి గురువు. పుట్టింట్లో విన్న చదువు ఊరికే పోలేదు. భర్త ప్రయోగాలు చేస్తుంటే పక్కన నిలబడి సాయం చేసింది, ఆయన రాతలు సరిదిద్దింది. చచ్చిన కప్ప కాళ్ళకు రెండు వేర్వేరు లోహాలు తాకిస్తే ఆ కాళ్ళు ఉలిక్కిపడడం గాల్వానీ గమనించాడు. భార్యకు పథ్యంగా కప్పల పులుసు కాస్తుంటే అది కనబడిందని ఒక కథ చెబుతారు గాని, అది కథే. అవి ఏళ్ళ తరబడి ఓపికగా చేసిన ప్రయోగాలు. 1791లో ఆయన పుస్తకం అచ్చయింది. దాన్ని చూడడానికి లూసియా లేదు, అంతకు ముందే కన్నుమూసింది.

ప్రాణుల ఒంట్లోనే విద్యుత్తు ఉంటుందని గాల్వానీ అన్నాడు. కాదు, కప్పది కాదు మహిమ, ఆ రెండు లోహాలదీ అన్నాడు ఇంకో ఇటలీ పండితుడు వోల్టా. ఊరికే అని ఊరుకోలేదు. వెండి బిళ్ళ, జింకు బిళ్ళ, మధ్యలో ఉప్పునీళ్ళలో తడిపిన అట్టముక్క, మళ్ళీ వెండి, జింకు, అట్ట, ఇలా అట్లు పేర్చినట్టు పేర్చాడు. పైనా కిందా తీగ తగిలిస్తే ఆగకుండా కరెంటు పారింది. 1800 మార్చి 20వ తేదీన ఈ సంగతి లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. కప్ప లేకుండానే కరెంటు వచ్చింది! అంతకు ముందు మనిషి ఎరిగిన విద్యుత్తు మెరుపులా తళుక్కుమని పోయేదే. ధారగా పారిన విద్యుత్తు ఇదే మొదలు. బల్బుల మీదా సెల్లుల మీదా కనబడే "వోల్టు" అనే మాట ఈయన పేరే.

గాల్వానీ పేరేమైందంటారా? అది మీ ఇంట్లోనే ఉంది. జి.ఐ. పైపు, జి.ఐ. బకెట్ అంటాం కదూ, ఆ మొదటి అక్షరం గాల్వానీదే! గాల్వనైజ్డ్ ఇనుము అంటే జింకు పూత పూసిన ఇనుము. బకెట్‌కు గీత పడి ఇనుము బయటపడినా, పక్కనున్న జింకు ముందు తను కరుగుతూ ఇనుమును కొంతకాలం తుప్పు నుంచి కాపాడుతుంది. ఇంటి పెద్దకోడలి లాంటిది జింకు. తను అరుగుతూ ఇంకొకరిని నిలబెడుతుంది.

ఈ అరగడమేమిటో కాస్త చెప్పుకుందాం. లోహాలన్నిటిలోనూ ఎలక్ట్రానులనే చిన్న కణాలుంటాయి. వాటిని విడిచిపెట్టే గుణం జింకుకు ఎక్కువ, రాగికి తక్కువ. రెండింటినీ ఉప్పునీళ్ళలోనో పులుపులోనో ఉంచి బయట తీగతో కలిపామనుకోండి, జింకు కొంచెం కొంచెంగా నీళ్ళలోకి కరుగుతూ తన ఎలక్ట్రానులను తీగలోకి వదులుతుంది. అవి రాగి వైపు పరుగెత్తుతాయి. ఆ పరుగే కరెంటు. దారిలో బల్బు పెడితే వెలుగుతుంది. బల్బు లేకుండా తీగ నేరుగా కలిపేస్తే తీగ వేడెక్కి సెల్లు తొందరగా చచ్చిపోతుంది. చీటీ డబ్బు ఒకరి దగ్గరనుంచి ఒకరికి పోతూ మధ్యలో ఒక ఇంట్లో పెళ్ళి చేయించినట్టు, ఇచ్చేవాళ్ళకూ పుచ్చుకునేవాళ్ళకూ మధ్య ప్రయాణంలోనే మన పని జరుగుతుంది.

ఇప్పుడు బాయి సంగతికి వస్తాను. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అని ఒకాయన. వోల్టా ఉత్తరం వచ్చిన ఏడేళ్ళకే, 1807లో, పెద్ద పెద్ద బ్యాటరీలు కట్టి పొటాషియం, సోడియం అనే కొత్త లోహాలను విడదీశాడు. కట్టెల బూడిదలో ఉండే క్షారం నుంచి వచ్చే లోహమే పొటాషియం. మన అమ్మమ్మలు గిన్నెలు తోముకున్న బూడిదలో అంత సంగతి ఉందన్నమాట!

అక్కడే 1812లో ఫెల్లింగ్ అనేచోట బొగ్గుగనిలో వాయువు అంటుకుని పేలి 92 మంది పోయారు. వాళ్ళలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. అప్పట్లో గనుల్లో వెలుగుకు మంట దీపమే గతి. లోపల మీథేను వాయువు చేరితే ఆ మంటే యముడు. దీనికేదైనా ఉపాయం చూడమని డేవీని అడిగారు. 1815లో ఆయన మంట చుట్టూ సన్నటి తీగల వల బిగించిన దీపం చేశాడు. వల గుండా గాలి పోతుంది గాని మంట వేడి చల్లారిపోయి బయటి వాయువును అంటించదు. దీనికి పేటెంటు తీసుకోమంటే డేవీ ఒప్పుకోలేదు. కాని ఆ దీపం వెలుగు గుడ్డిది. వల తుప్పుపట్టినా చిరిగినా మళ్ళీ ప్రమాదమే. మంట లేని దీపం కావాలంటే డేవీ చేతిలో ఉన్న బ్యాటరీయే దారి. అయితే అది మనిషి నడుముకు కట్టుకునేటంత చిన్నదై రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

ఆ వందేళ్ళలో ఎవరెవరు ఏం చేశారో క్లుప్తంగా చెబుతాను. 1836లో డేనియల్ అనే ఆయన జింకు, రాగి, మైలుతుత్తం కరిగించిన నీళ్ళు పెట్టి నిలకడగా పనిచేసే సెల్లు చేశాడు. ఆనాటి తంతి తీగల్లో పారిన కరెంటు ఇలాంటి సెల్లుల నుంచి వచ్చిందే. మన దేశంలో 1854లో తంతి సేవ ప్రజలందరికీ అందింది. చావు కబురైనా, పెళ్ళి కబురైనా, ఉద్యోగం కబురైనా ఆ తీగ మీదుగానే వచ్చేది. 2013 జులైలో టెలిగ్రాము ఆగిపోయింది.

1859లో ఫ్రాన్సు దేశస్థుడు ప్లాంటే సీసపు పలకలూ గంధకామ్లమూ పెట్టి, అయిపోయాక మళ్ళీ కరెంటు ఎక్కించుకోగల బ్యాటరీ చేశాడు. మామ ల్యాంపు రూములో ఉన్నది ఈ జాతిదే. దానిలో వెలుగు ఇస్తున్నకొద్దీ రెండు పలకలూ మారిపోతాయి. కరెంటు ఎక్కిస్తే తిరిగి మొదటి స్థితికి వస్తాయి. మామ చొక్కాల మీద ఎప్పుడూ చిన్న చిన్న చిల్లులుండేవి, ఆమ్లం చుక్క పడి. అత్త వాటిని రఫూ చేస్తూ, "నీ చొక్కా సుత నీ జింకు డబ్బా తీరుగనే అయింది" అని దెప్పేది.

1866లో ఇంకో ఫ్రెంచివాడు లెక్లాంషే జింకు, బొగ్గు కడ్డీ, మాంగనీసు పొడి, నవాసాగరం వాడి సెల్లు చేశాడు. 1880ల్లో జర్మనీలో గాస్నర్ దాన్ని ఒలికిపోకుండా ముద్దగా చేసి జింకు డబ్బాలో బిగించాడు. మనం టార్చిలైటులో వేసుకున్న సెల్లు పుట్టింది అలాగే. అందులో రెండు సరుకులు మనకు పరాయివి కావు. నవాసాగరం అంటే వీధిలోకి వచ్చే కళాయివాడు కొలిమి మీద ఇత్తడి గిన్నె కాల్చి, లోపల చల్లి, తెల్లటి పొగ రేపే ఆ పొడే. మాంగనీసు ఖనిజం మన ఆదిలాబాదు దగ్గర, పెన్‌గంగ వైపు సున్నపురాతి పొరల నడుమ ఉంది. ఇటలీ పండితుడి ఊహ ఎక్కడ, మన కళాయి కొలిమి ఎక్కడ! అన్నీ ఒక జింకు డబ్బాలో కలిశాయి.

చివరికి 1914 ప్రాంతంలో అమెరికాలో ఎడిసన్ గారి బ్యాటరీతో నడిచే టోపీ దీపం గనుల్లోకి దిగింది. మంట లేదు, రెండు చేతులూ పనికి ఖాళీ, మనిషి ఎటు చూస్తే వెలుగు అటు.

మన దగ్గర బొగ్గు కథ కూడా ఆ కాలంలోనే పెరిగింది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎల్లందు ప్రాంతంలో బొగ్గు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. ఆ తర్వాత తవ్వకాలు గోదావరి లోయ వెంట ఆదిలాబాదు వైపు తాండూరు, బెల్లంపల్లికి, తదుపరి నదికి దక్షిణాన రామగుండానికి పాకాయి. ఊళ్ళకు ఊళ్ళు బాయిల చుట్టూ పుట్టాయి. రామగుండంలో ఈ బొగ్గుతో కరెంటు చేసి దేశానికి పంపారు. నగరంలో మీటనొక్కితే వెలిగే దీపం వెనుక, భూమి లోపల ఒక మనిషి నెత్తిమీద సెల్లుతో వెలిగే చిన్న దీపం ఉందని మనం తలుచుకోం. పెద్ద దీపానికి ఈ చిన్న దీపమే తల్లి.

సరే, ఇప్పుడు మీరంతా నన్ను అడుగుతుండే ప్రశ్నలకు జవాబులు చెబుతాను.

"అయిపోయిన సెల్లులు ఎండలో పెడితే మళ్ళీ పనిచేస్తాయా?" మా అమ్మ కూడా రేడియో సెల్లులు గోడమీద ఎండబెట్టేది. వేడికి లోపలి రసాయనిక క్రియ కాస్త చురుకవుతుంది, కొంత విశ్రాంతి కూడా దొరుకుతుంది. అందువల్ల ఒక పాటకో రెండు పాటలకో వస్తుంది. కాని కరిగిపోయిన జింకు ఎండకు తిరిగి రాదు. పైగా పలచబడ్డ డబ్బా చిల్లుపడి లోపలి రసం కారి రేడియోను తినేస్తుంది. కొత్త సెల్లుతో పాత సెల్లు కలిపి వేసినా ఇదే గతి. కొత్తది నెట్టుకుపోతుంటే పాతది తట్టుకోలేక కారిపోతుంది. వాడని టార్చిలైటులోంచి, రిమోటులోంచి సెల్లులు తీసి ఉంచండి.

"వెండి సామాను నల్లబడితే తోమకుండా తెల్లబరచడం ఎలా?" ఇది కరీంనగర్ అక్కయ్యలు ఎక్కువగా అడిగే ప్రశ్న. అడగరూ మరి! వెంట్రుకంత సన్నటి వెండితీగతో అల్లిన పన్నీరుబుడ్డి, కుంకుమభరిణె, పళ్ళెం, ఈ ఫిలిగ్రీ పనికి కరీంనగర్ పెట్టింది పేరు. పళ్ళపొడితో రుద్దితే తీగ వంగుతుంది, కాస్త వెండి కూడా అరిగిపోతుంది. నలుపంటే వెండి గాలిలోని గంధకంతో కలవడం. వంటకు వాడని పాత అల్యూమినియం గిన్నెలో లీటరు వేడినీళ్ళు పోసి, ఒక పెద్ద చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలపండి. వెండి వస్తువు అల్యూమినియానికి తగిలేటట్టు నీళ్ళలో ముంచండి. కొద్ది నిమిషాల్లో నలుపు విడుస్తుంది, కాస్త మురుగు వాసన వేస్తుంది. అదే గంధకం. ఇక్కడ అల్యూమినియమే జింకులాగా తను అరిగి, గంధకం చెరలోంచి వెండిని విడిపించి మళ్ళీ వెండిగా నిలబెడుతుంది. మంచినీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దండి. ముత్యాలు, రాళ్ళు పొదిగినవీ, బంగారు పూత ఉన్నవీ, అందానికి కావాలని నలుపు పట్టించినవీ మాత్రం ఇలా ముంచకండి.

ఇంకొక మాట, ఇది మీరు అడగకపోయినా చెప్పాలి. గడియారాల్లో, పిల్లల బొమ్మల్లో, చిన్న రిమోటుల్లో గుండీలాంటి సెల్లు వస్తుంది. అది పసిపిల్లలు మింగితే గొంతులోని తడే ఉప్పునీళ్ళ పని చేస్తుంది. అక్కడే కరెంటు పారి, ఘాటైన క్షారం పుట్టి గొంతు కాలిపోతుంది. రెండు గంటల్లోనే గాయం లోతుగా దిగవచ్చు. మింగినట్టు అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించవద్దు, మలంలో పోతుందిలే అని ఆగవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి ఎత్తుకుపోవాలి. మా మామ "దీన్ని ముట్టకు" అని యాసిడ్ దీపాన్ని నాకు అందనంత దూరం జరిపినట్టే, మనం ఈ గుండీ సెల్లును పిల్లలకు అందనంత దూరంలో పెట్టాలి.

ఇక మా నిమ్మకాయల పిల్లవాడు. "అత్తమ్మా, కరెంటు నిమ్మకాయల ఉంటదా?" అని వాడూ అడిగాడు. ఉండదు నాయనా. కరెంటు ఇచ్చేది మేకు మీది జింకు. నిమ్మకాయ ఉత్త పులుసే. వాడు తెచ్చింది మామూలు ఇనుప మేకు. జింకు పూత ఉన్న మేకులు తెప్పించాను. ఒక్కో కాయ ఒక వోల్టుకు కొంచెం తక్కువ ఇస్తుంది, అదీ బలహీనమైన కరెంటు. టార్చి బల్బు దానికి వెలగదు. చిన్న ఎర్ర ఎల్.ఇ.డి. దీపం కావాలి, దానికైనా ఒక్క కాయ చాలదు. నాలుగు కాయలు వరసగా పెట్టి, ఒక కాయ రాగిని పక్క కాయ మేకుకు కలుపుతూ పోయాం. ఎల్.ఇ.డి.ని ఒకసారి తిప్పి పెట్టాల్సి వచ్చింది, దానికి కాళ్ళ వరస ముఖ్యం. వంటింటి దీపం ఆర్పగానే మినుకుమని ఎర్రగా వెలిగింది. వాడి మొహం వెలిగినంత అది వెలగలేదనుకోండి! ఆ కాయలు మళ్ళీ పులిహోరలో పిండకండి, వాటిలో లోహం కరిగి ఉంటుంది. పారేయండి.

ఇప్పుడు మామ లేడు. బాపు రిటైరయి ఇంట్లో ఉన్నాడు. గనుల్లోకి ఇప్పుడు లిథియం బ్యాటరీతో, చాలా తేలికైన ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. ఆ లిథియం బ్యాటరీ కనిపెట్టిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అదే ఏడు మన దేశంలో ఇంకోటి జరిగింది. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలోకి దిగనిచ్చేది కాదు. 2019లో ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో ఉన్న స్త్రీలు, వాళ్ళ రాతపూర్వకమైన ఇష్టంతో, పగటివేళల్లో దిగవచ్చునని అనుమతించింది. ఇన్నేళ్ళూ పైన నిలబడి ఎదురుచూసిన జాతి మనది. ఇప్పుడు మన ఆడపిల్ల నెత్తిమీదా ఆ దీపం వెలుగుతోంది, ఇంటి దగ్గర ఎదురుచూసే వంతు ఇక మగవాళ్ళది కూడా.

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. రాత్రి డ్యూటీ అయి గదికి చేరితే ఫోను చేస్తాడు. ఒక్కోరోజు చేయడు, ఫోనులో బ్యాటరీ అయిపోయిందంటాడు. అది కూడా సెల్లే కదా మరి! ఆ రోజుల్లో మా అమ్మ నిద్రపోదు. తెల్లవారి లేచి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడుగుతుంది.

"దీపం తిరిగొచ్చిందా, బిడ్డా?"

వచ్చిందమ్మా అన్నాకే కాఫీ తాగుతుంది.